మొగలిలంక హెప్సిబా ఏరిన పదకొండు బొమ్మలు

హెప్సిబా టీచరు మొదట గెలిచింది ఒక గిన్నెడు పప్పన్నం దగ్గర. బాబీ అనే మూడేళ్ళ పిల్లాడి చేత ఫోను లేకుండా ఆ అన్నం, ఒక ఉడికించిన గుడ్డు తినిపించింది. పంతొమ్మిది రోజులు పట్టింది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా లంకకు రోడ్డు తేవడానికి నేను తొమ్మిదేళ్ళు తిరిగాను, కరెంటు స్తంభాల కోసం నాలుగేళ్ళు తిరిగాను. ఆ రెండూ చేసినవాడిగా చెబుతున్నాను, ఆ గిన్నెడన్నమే పెద్ద పని.

ఆ టీచరు ఇప్పుడు ఊళ్ళో లేదు. మా ఊరే నలభై ముగ్గురి సంతకాలతో అర్జీ పెట్టి పంపించేసింది. ఆమె తిరిగి రావాలా, వద్దా అన్నదే మూడు నెలలుగా మొగలిలంకలో తగువు. నేను రావాలనే వైపు మనిషిని. ఆ ముక్క ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు నా మీద అనుమానం ఉండదు.

నా పేరు వరదానం. డెబ్భై ఆరేళ్ళు. ఊళ్ళో బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ పైన చదవడానికి బడి లేదు, ఎక్కడానికి పడవ ఉంది. మత్స్యకార సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి, చర్చికి పద్దెనిమిదేళ్ళు పెద్దను. అంగన్‌వాడీకి పక్కా బిల్డింగు మంజూరు చేయించింది నేను, స్లాబు పోసిన రోజున ఇసుక తట్టలు మోసిందీ నేనే. ఇదంతా గొప్పకు చెప్పుకుంటున్నానా అంటే, అవును, గొప్పకే. మా ఊళ్ళో ఏమీ చెయ్యనివాళ్ళు ఇంతకన్నా ఎక్కువ చెప్పుకుంటున్నారు.

హెప్సిబా నా కళ్ళ ముందు పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్న, నేను కలిసి కొల్లేట్లో వెదురు మావులు పెట్టి కొరమేను పట్టేవాళ్ళం. ఏలూరు హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైంది. మా లంకలో పది పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. పెళ్ళయ్యాక కూడా ఊరు వదల్లేదు, భర్త లారీ డ్రైవరు కావడంతో ఎక్కడున్నా ఒకటే. 2009లో అంగన్‌వాడీ టీచరుగా చేరింది. వరద వచ్చి గట్టు రోడ్డు మునిగిన ఏడు, పిల్లల పాలూ గుడ్లూ నెత్తిన పెట్టుకుని పడవ మీద తెచ్చింది. కరోనా ఏడు, సెంటరు మూసేస్తే, తూకం మిషను చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తూచింది. పదహారేళ్ళలో నాలుగు వందల మంది పిల్లలు ఆమె చేతి అన్నం తిన్నారు. అర్జీ మీద సంతకం పెట్టిన నలభై ముగ్గురిలో ఏడుగురు అలా తిని పెరిగినవాళ్ళే. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. రాయను.

ఇక్కడ పిల్లల పెంపకం గురించి బయటివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా వాళ్ళలో సగం మంది చేపల చెరువుల కాపలాదార్లు. చెరువు గట్టు మీద పాక, పాకకు పది అడుగుల్లో నీళ్ళు. తెల్లవారగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ మేత పడవ ఎక్కి, చెరువు మధ్యన గెడలకు వేలాడే సంచుల్లో తవుడు నింపాలి. పిల్ల పాకలో ఉండాలి. మా అమ్మల కాలంలో నడక వచ్చిన పిల్లకు మొలతాడుకు మువ్వలు కట్టేవారు. చప్పుడు గట్టు చివరికి పోతే తల్లి చేతిలో పని పడేసి పరిగెత్తేది. చప్పుడు ఆగిపోతే ఇంకా గట్టిగా పరిగెత్తేది. కరోనా తర్వాత మువ్వలు పోయి ఫోను వచ్చింది. పిల్ల చేతికి ఫోను ఇచ్చి, బొమ్మలు పెట్టి, సౌండు పెద్దది చేసి పడవ ఎక్కుతారు. పాకలో ఫోను మోగుతున్నంతసేపూ పిల్ల పాకలో ఉన్నట్టే.

బాబీ ఆ ఫోను పిల్లాడే. తండ్రి ఏసుబాబు, తల్లి ఎలిజబెత్, ఇద్దరూ తాడేపల్లిగూడెం ఆసామి సూర్యప్రకాశరావు గారి చెరువుల మీద కాపలా. 2022 జులైలో ఎలిజబెత్ పిల్లాణ్ణి సెంటరుకు తెచ్చినప్పుడు, పిల్లాడితో పాటు ఫోను కూడా ఇచ్చింది.

“ఇది పెట్టకపోతే నోరు తెరవడు టీచరమ్మా. బొమ్మ ఆగిందంటే ముద్ద ఊసేస్తాడు.”

“ఫోను ఇచ్చి వెళ్ళు ఎలిజబెత్తూ. ఎప్పుడు ఆపాలో నేను చూసుకుంటాను.”

ఆమె ఫోను లాక్కోలేదు. మొదటి రోజు బొమ్మ పూర్తిగా చూపించింది. మర్నాడు ఫోనును కంచం పక్కన బోర్లా పెట్టింది. బొమ్మ లేదు, పాట ఉంది. పిల్లాడు గోల చేశాడు, పాట వినబడుతోంది కనక తిన్నాడు. ఆ తర్వాత రోజుకు కొంచెం చొప్పున సౌండు తగ్గించుకుంటూ, ఆ ఖాళీలో తన గొంతుతో కథ మొదలుపెట్టింది. కిక్కిస గడ్డి దుబ్బుల్లో దారి తప్పిన బాతుపిల్ల కథ. బాతుపిల్ల ఒక్కో దుబ్బు దగ్గర ఆగి “మా అమ్మని చూశారా అండీ?” అని అడుగుతుంది. పంతొమ్మిదో రోజున ఫోను అసలు ఆన్ చెయ్యలేదు. బాబీ గమనించలేదు. గిన్నె ఖాళీ చేసి, “టీచరూ, బాతుపిల్లకి వాళ్ళమ్మ దొరికిందా?” అన్నాడు. ఆ రోజు నేను సెంటరు అరుగు మీదే కూర్చుని ఉన్నాను. కళ్ళతో చూసినవాణ్ణి.

దానితో ఆమెకు ఒక సంగతి తెలిసింది. పిల్లాడు బొమ్మ అయిపోగానే “ఇంకోటి” అంటే అది పనికిరాని బొమ్మ. “తర్వాత ఏమైంది?” అంటే అది పనికొచ్చే బొమ్మ. ఇళ్ళల్లో ఫోన్లు ఎలాగూ ఆగవు కనక, చూసేవేవో మంచివి చూడనిద్దాం అని నిర్ణయించుకుంది. మా లంకలో సిగ్నలు సరిగా అందదు. అందరూ ఏలూరు పవర్‌పేటలో మొహిద్దీన్ అనే ఫోన్ల షాపాయన దగ్గర మెమరీ కార్డులో బొమ్మలు ఎక్కించుకుని వస్తారు. హెప్సిబా నేరుగా అక్కడికే వెళ్ళింది. కంటి ఆసుపత్రి పని మీద నేనూ ఆ ఆటోలోనే వెళ్ళాను.

“మొహిద్దీన్ గారూ, మా ఊరివాళ్ళకి ఎక్కించే బొమ్మలన్నీ ఒకసారి చూడాలండీ.”

“మూడొందలు ఉన్నాయి మేడం గారూ. ఏరుకోడానికి వంకాయలాండీ?”

“వంకాయైతే పుచ్చు పైకే తెలుస్తుందండీ. వీటిని కోసి చూడాలి.”

“నా పిల్లలు చూసినవే ఇవన్నీ. బంగారంలా ఉన్నారు.”

“మీ పిల్లలు మేడ మీద ఉంటారండీ. మా పిల్లలు నీళ్ళ మధ్య ఉంటారు.”

ఆయన నా వైపు చూసి, “ఏంటండీ పెద్దాయనా, మీ టీచరు గారు షాపు మూయించేలా ఉన్నారే,” అన్నాడు. అని, స్టూలు మాత్రం వేశాడు. ఆరు శనివారాలు ఆమె ఆ స్టూలు మీద కూర్చుంది. ఒక్కో బొమ్మను ముందు సౌండు లేకుండా చూసేది. “పాట తీసేస్తే దాని అసలు ముఖం బయటపడుతుంది బాబాయ్ గారూ,” అనేది నాతో. పిల్లి ఎలుకను బాదడం, ఎలుక లేచి మళ్ళీ బాదడం, ఎన్ని దెబ్బలు పడ్డాయో నోటుబుక్కులో గీతలు పెట్టేది. బొమ్మ ఎంత తొందరగా మారిపోతుందో ఊపిరితో లెక్కపెట్టేది. ఒక ఊపిరిలో నాలుగుసార్లు మారితే కొట్టివేత. పెద్దవాళ్ళను “ఏయ్” అని పిలిచే పిల్లల బొమ్మలు కొట్టివేత. తెల్లగా ఉన్నవాళ్ళు మంచివాళ్ళు, నల్లగా ఉన్నవాళ్ళు దొంగలు అయితే కొట్టివేత. అన్నిటికన్నా ముందు కొట్టివేసేది ఒకటుంది: మనిషి పిల్ల నీళ్ళలోకి దిగి, చేపలతో ఆడుకుని, నవ్వుతూ పైకి వచ్చే బొమ్మ. అది ఎంత బాగున్నా సరే.

మూడు వందల్లో పదకొండు మిగిలాయి. మొహిద్దీన్ ముఖం చూడాలి! అయినా ఆ మనిషి మాట మీద నిలబడ్డాడు. మొగలిలంక నుంచి ఎవరు వచ్చినా ముందు ఆ పదకొండూ ఎక్కించి, తర్వాతే వాళ్ళు అడిగినవి ఎక్కించేవాడు.

ఆమె ఈ నీళ్ళ నిబంధన ఎవరికీ సడలించలేదు. మా సండే స్కూలు కూడా ఆమే చెబుతుంది. పెద్ద చేప మనిషిని మింగి మూడు రోజుల తర్వాత ఒడ్డున వదిలిన కథ పసిపిల్లలకు చెప్పదని తెలిసి, చర్చి పెద్దగా నేనే కోప్పడ్డాను.

“దేవుడి మాటకే కత్తెర వేస్తావా అమ్మాయ్?”

“వెయ్యట్లేదు బాబాయ్ గారూ. దాచిపెడుతున్నాను. ఈత వచ్చాక చెబుతాను.”

నాకు ఎదురు చెప్పినవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. చెప్పి నెగ్గినవాళ్ళు ఇంకా తక్కువ. ఆమె ఆ రెండో రకం.

ఇక గొడవ దగ్గరికి వస్తాను. సూర్యప్రకాశరావు గారు ఈ ఏడాది ఫిబ్రవరిలో వాళ్ళమ్మ జ్ఞానప్రసూనాంబ గారి పేరు మీద సెంటరుకు గోడంత టీవీ ఇచ్చారు. మంచి పనే. ఇచ్చిన రోజున షామియానా, కుర్చీలు, శాలువాలు, లడ్లు. టీవీలో మొదట వెయ్యడానికి బొమ్మ కూడా ఆయనే ఏరి తెచ్చారు. “మనది చేపల ఊరు, చేప బొమ్మే వేద్దాం” అన్నది ఆయన ఆలోచన. ఒక బంగారు రంగు చేప ఒడ్డుకు వచ్చి చిన్న పిల్లాణ్ణి పిలుస్తుంది. వాడు దూకుతాడు. చేప వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని నీళ్ళ అడుగున తన ఇంటికి తీసుకెళ్ళి మిఠాయిలు పెడుతుంది. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పిల్లాడు దూకిన చోట హెప్సిబా లేచి, బల్ల మీది రిమోటు తీసుకుని నొక్కేసింది.

“ఏవండీ టీచరు గారూ, కరెంటు పోయిందాండీ?” అన్నారు సూర్యప్రకాశరావు గారు.

“లేదండీ, నేనే ఆపానండీ.”

“ఎందుకండీ?”

“ఆ పిల్లాడు నీళ్ళల్లోకి దూకి నవ్వుతున్నాడండీ. మా పిల్లలు దూకితే నవ్వరండీ.”

“బొమ్మండీ అది! ఉత్త బొమ్మ!”

“మూడేళ్ళ పిల్లకి ఉత్త బొమ్మంటూ ఉండదండీ. టీవీలో ఉన్నదీ నిజమే, గుమ్మంలో ఉన్నదీ నిజమే. మీరిచ్చిన టీవీకి దణ్ణం పెడతానండీ. ఈ బొమ్మ మాత్రం వెయ్యలేనండీ.”

“మా అమ్మ పేరు మీద ఇచ్చింది, నలుగురిలో మా అమ్మ నోరు నొక్కినట్టు చేశారు. చాలా సంతోషమండీ.”

ఒక్క కసురు లేదు, ఒక్క తిట్టు లేదు. మా వైపు పగ అలాగే మొదలవుతుంది, అన్ని మాటలకూ “అండీ” తగిలించుకుని. ఆయన లడ్డు తినకుండానే కారెక్కారు. ఆ కారు గట్టు దాటకముందే ఊరంతా హెప్సిబా మీద పడింది. ఆయన చెరువుల మీద పని చేసే ఇళ్ళు ముప్పై. ఆయనకు కోపం వస్తే తమకు పని పోతుందని భయం. నేను భయాన్ని తప్పు పట్టను. కానీ ఆ భయాన్ని మొదట పిల్లల మీద ప్రేమ అన్నారు, తర్వాత చదువు అన్నారు, చివరికి మతం అన్నారు. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అందరికన్నా ముందు నిలబడి అరిచింది ఎలిజబెత్. బాబీ తల్లే. అప్పటికి బాబీ బడికి వెళుతున్నాడు, రెండో పిల్ల జాయ్సీకి మూడో ఏడు. ఒక రోజు పిల్లను దింపడానికి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

“టీచరమ్మా, ఆ పదకొండు చూసీ చూసీ పిల్లకి మొహం మొత్తింది. కొత్తవి పెట్టకపోతే ఫోను వదిలేసి నా వెంట గట్టు మీదకొస్తుంది. మీరొచ్చి మా చెరువుకి మేత వేస్తారేంటి?”

“మేత వెయ్యలేను గానీ, పిల్లకి మువ్వలు కట్టు ఎలిజబెత్తూ. నా దగ్గర ఉన్నాయి, ఇస్తాను.”

“మువ్వలా? నా కూతురేమన్నా మేకపిల్లా? ఫోను మోగుతుంటే పిల్ల ఎక్కడుందో నాకు తెలుస్తుంది.”

“ఫోను ఎక్కడుందో తెలుస్తుంది. పిల్ల ఎక్కడుందో తెలియదు.”

“అన్నీ మీకే తెలుసు. పది పాసయ్యారుగా!”

ఆ మాటకు గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. హెప్సిబా జాయ్సీని ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. టీవీ రోజుకు ఇరవై నిమిషాలే వేసేది. ఆ పదకొండులో ఒకటి వేసి, ఆపి, “ఇప్పుడు మేకపిల్ల ఎటు వెళ్ళి ఉంటుంది?” అని పిల్లల్నే అడిగేది. మిగతా సమయమంతా నోటి కథలే. బయట మాత్రం “లక్షణమైన టీవీకి గుడ్డ కప్పి ఉంచుతోంది” అని ప్రచారం.

జులైలో అర్జీ రాశారు. దాత గారిని అవమానించింది అని ఒకటి. ఇచ్చిన టీవీ వెయ్యకుండా పిల్లల చదువు పాడు చేస్తోంది అని రెండోది. సెంటరులో బైబిలు కథలు చెబుతోంది అని మూడోది. మొదటి సంతకం ఎలిజబెత్‌ది. ఆమె చర్చి మనిషే, మూడో ముక్క అబద్ధమని ఆమెకు తెలుసు. సంఘం ఆఫీసులో మీటింగు పెట్టి కాగితం నా ముందుకు తోశారు.

“పెద్దవారు, మీరు కూడా ఒకటి పెట్టండి వరదానం గారూ,” అన్నాడు ఏసుబాబు.

“ఇందులో రాసిన బైబిలు కథ ఏదో ఒకటి నాకు చెప్పు. పెడతాను.”

“అవన్నీ మాకెలా తెలుస్తాయండీ?”

“తెలియకుండా సంతకం ఎలా పెట్టావు మరి?”

వెనక నుంచి ఒకడు, “ఐదో తరగతి చదివినాయనకి కార్టూన్ల సంగతి ఏం తెలుస్తుందిలే,” అన్నాడు. అందరూ నవ్వారు.

“తెలియదురా. అందుకే ఆరు శనివారాలు కూర్చుని చూసినావిడ మాట వింటున్నాను. నువ్వు ఒక్క బొమ్మ చివరిదాకా చూశావా, నీ కూతురికి ఇచ్చే ముందు?”

వాడు చూడలేదు. అక్కడ ఎవడూ చూడలేదు. చూడకుండా పిల్లల చేతిలో పెట్టేవాళ్ళు నలభై ముగ్గురు, చూసి పెట్టేది ఒక్కతె. ఆ ఒక్కతెను పంపించెయ్యాలని కాగితం! నేను ఆ కాగితాన్ని చింపలేదు. చింపితే ఇంకోటి రాస్తారు. నా సంతకం లేకుండానే పంపారు.

విచారణకు పై నుంచి ఒక అధికారిణి వచ్చారు. మంచి మనిషే. టీచరు ఏం కథలు చెబుతుందని పిల్లల్ని అడిగారు. జాయ్సీ లేచి బాతుపిల్ల కథ చేతులు ఊపుతూ మొత్తం చెప్పేసింది. ఆవిడ నవ్వారు. కానీ నలభై మూడు సంతకాలు నవ్వితే పోవు. ఊళ్ళో వేడి తగ్గేదాకా అని హెప్సిబాను ఆగస్టు పద్దెనిమిది నుంచి భీమడోలు వైపు సెంటరుకు వేశారు. తిరుగు తారీఖు వెయ్యలేదు. ఆమె రోజూ తెల్లవారకముందే లేచి గట్టు రోడ్డున ఆటోలో వెళ్ళలేక, అక్కడే చుట్టాలింట్లో గది తీసుకుంది. వెళ్ళే రోజున సాగనంపడానికి నేను, మా ఇంటిది తప్ప ఎవరూ రాలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టి, “కొత్త టీచరు గారు అడిగితే ఇవ్వండి బాబాయ్ గారూ,” అంది. కొత్త టీచరును వెయ్యలేదు, ఎవరూ అడగలేదు. ఆయా ఒక్కతే వండి పెట్టి, పిల్లలు అల్లరి చెయ్యకుండా పొద్దున తొమ్మిదికి టీవీ వేసి సాయంత్రం ఆపేది. ఏం బొమ్మ? దాత గారి బంగారు చేప. రోజుకు ఎన్నిసార్లో చెప్పలేను. మొహిద్దీన్ దగ్గర ఎక్కించుకుని వచ్చి ఇళ్ళల్లోనూ అదే. సూర్యప్రకాశరావు గారు ఒకసారి వచ్చి చూసి, “ఇప్పుడు సెంటరు సెంటరులా ఉందండీ,” అని మెచ్చుకున్నారట.

సెప్టెంబరు ఆఖరి శనివారం పొద్దున ఏడు గంటలకు ఏసుబాబు, ఎలిజబెత్ మేత పడవలో చెరువు మధ్యన ఉన్నారు. పాకలో ఫోను గట్టిగా మోగుతోంది. చేప పాట వినబడుతూనే ఉంది కనక ఎలిజబెత్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఒక బస్తా తక్కువైంది. తేవడానికి ఏసుబాబు పడవ తిప్పాడు. తిప్పితే పడవ కట్టే బల్ల పక్కన నీళ్ళ మీద పసుపు పచ్చ గౌను కనిపించింది. దూకాడు. బల్లకు కట్టిన తాడు పిల్ల చేతికి చిక్కుకుని ఉండబట్టి దొరికింది. తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే నీళ్ళు కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా ఎలిజబెత్‌కు పిల్ల పాకలోనే ఉందని నమ్మకం. పాకలో పాట ఇంకా ఆగలేదు.

ఏలూరు ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. పిల్లకు ఏమీ కాలేదు, దేవుడి దయ. మూడో రోజున డిశ్చార్జి కాగితాల కోసం కూర్చుని ఉంటే, జాయ్సీ తల్లిని అడిగిందట: “పిలిచానే అమ్మా! చేప ఎందుకు రాలేదు?”

ఆ సాయంత్రమే ఎలిజబెత్ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఓ కాగితం రాసి పెట్టండి బాబాయ్ గారూ.”

“ఏం కాగితం? ఇంకెవర్ని పంపెయ్యాలి?”

“తిట్టండి. తిట్టినాకే రాయండి.”

“మొదటి సంతకం నీది.”

“అందుకే వచ్చాను. మొదటిది తీసేస్తే మిగతావి ఊడతాయేమోనని.”

తిట్టాను. నాకు చేతనైనంతా తిట్టాను. పదేళ్ళ కిందట నా చేతుల మీదుగా పెళ్ళి జరిగిన పిల్ల, తలొంచుకుని నిలబడి తిట్లన్నీ తింది. తర్వాత రాశాను. ఐదో తరగతి దస్తూరీతో రెండు పేజీలు. అర్జీలోని మూడు ముక్కలూ అబద్ధమని, టీచరు వద్దన్న బొమ్మ వల్లే తన పిల్ల నీళ్ళలో పడిందని, వద్దని చెప్పిన మనిషినే తాము తరిమేశామని. ఏసుబాబు సంతకం పెట్టనన్నాడు. ఆసామి కొలువు పోతుందన్నాడు. ఎలిజబెత్, “పోతే పోనీ, కొరమేను పట్టుకుని బతుకుదాం,” అంది. వాడు పెన్ను తీసుకుని పెట్టాడు.

మర్నాడు ముగ్గురం ఏలూరు వెళ్ళాం. విచారణకు వచ్చిన అధికారిణి గారే ఆఫీసులో ఉన్నారు. కాగితం రెండుసార్లు చదివారు.

“ఇది మీరు ఇష్టపడే రాయించారా అమ్మా? ఎవరైనా బెదిరించారా?” అని నా వైపు ఒక చూపు చూశారు.

“బెదిరించారండీ,” అంది ఎలిజబెత్. “నా కూతురు.”

హెప్సిబా నోటుబుక్కు నేను బల్ల మీద పెడితే, ఆవిడ ఆ గీతలూ కొట్టివేతలూ చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఆ పదకొండు బొమ్మల పేర్లూ మరో కాగితం మీద రాసుకున్నారు.

ఊరు మారిందా? మారలేదు. మారిందని రాస్తే అబద్ధం రాసినవాణ్ణి అవుతాను. మిగతా నలభై ఒక్క సంతకాల్లో ఒక్కటీ ఊడలేదు. “పిల్లని సరిగ్గా చూసుకోక బొమ్మ మీద నెట్టేస్తోంది” అని ఎలిజబెత్‌నే ఆడిపోసుకుంటున్నారు. చెరువు దగ్గర వాళ్ళ పని ఇంకా పోలేదు గానీ, ఆసామి మనుషులు పలకరించడం మానేశారు. సూర్యప్రకాశరావు గారు కబురు పంపారు: ఆవిడ తిరిగొస్తే టీవీ తీసుకెళ్ళిపోతారట. నేను కూడా కబురు పంపాను: ఎప్పుడు తీసుకెళ్తారో ఒక రోజు ముందు చెబితే, అట్టపెట్టెలో జాగ్రత్తగా సర్ది బండి ఎక్కించే మనుషుల్ని నేనే చూస్తానండీ అని.

సంఘం ఆఫీసు ముందు మొన్న మళ్ళీ మీటింగు పెట్టారు. ఆమె వస్తే పిల్లల్ని పంపబోమని ఇరవై ఇళ్ళవాళ్ళు లేచి చెప్పారు. ఎవరెవరు లేచారో నేను చూశాను. వాళ్ళు లేచినప్పుడు వెనక వాళ్ళ పిల్లలు ఒకే ఫోను చుట్టూ గుంపుగా కూర్చుని ఉన్నారు. ఏం చూస్తున్నారురా అని వంగి చూస్తే, ఒకడు ఇంకొకణ్ణి కత్తితో పొడుస్తుంటే వెనక నవ్వులు వినబడుతున్నాయి. ఆ తండ్రికి చూపించాను. “బొమ్మేగా వరదానం గారూ,” అన్నాడు.

హెప్సిబాకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇరవై ఇళ్ళు రావు, టీవీ పోతుంది, ఎవరూ ఎదురు రారు అని.

“ఎలిజబెత్ జాయ్సీని పంపుతుందా బాబాయ్ గారూ?”

“పంపుతుంది.”

“ఇంకా ఎవరైనా?”

“నా మనవరాలు. ఇంకో ఇద్దరో ముగ్గురో.”

“అయితే ఐదుగురు. ఐదుగురికి నా గొంతు చాలండీ. బియ్యం, పప్పు ఎంత ఉన్నాయో ఆయాని చూడమనండి. చాప ఉతికి ఆరెయ్యమనండి.”

ఆమెను తిరిగి మా ఊరికే వేస్తూ ఆర్డరు కాగితం నిన్న వచ్చింది. భీమడోలులో ఆమె స్థానంలో వేరే మనిషి చేరేదాకా ఆగాలట. ఈ నెల పదిహేనున ఆవిడ చేరతారు, పదహారు ఆదివారం. మా హెప్సిబా టీచరు మొగలిలంక సెంటరు తలుపు మళ్ళీ తీసేది 2025 నవంబరు 17, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు.